గీతకు దూరంగా ఒక చుక్క

మెదడు మీద ముప్ఫై ఏళ్ళు పరిశోధన చేసిన మనిషికి ఇంట్లో దక్కే గౌరవం ఏమిటంటే, ఎవరి తాళాలు కనపడకపోయినా ముందు ఆమెనే నిలదీస్తారు. "బుర్రల గురించి అంత చదివావు కదా, చెప్పు మరి, నేనెక్కడ పెట్టి ఉంటాను?" అని. బంధువుల ఇళ్ళకు వెళితే ఆమె కుర్చీలో కుదురుకోకముందే ఒకరు తలనొప్పిని, ఒకరు నిద్రలేమిని, ఇంకొకరు చదువు ఎక్కని కొడుకును వెంటబెట్టుకుని వరస కడతారు. తాను వైద్యురాలిని కాననీ, మెదడులోని రసాయనాలను కొలిచే మనిషిననీ చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. "పోనీ, ఏ రసాయనం వాడమంటావో చెప్పు," అనేవారు వాళ్ళు.

పరిశోధనశాలలో ఆమె మేడమ్. సభల్లో ప్రొఫెసర్ గారు. ఇంటి చుట్టుపక్కల మాత్రం "బుర్రల కోడలు". ఈ కథలోనూ కోడలనే అందాం. ఎన్ని పదోన్నతులు వచ్చినా ఇంట్లో ఆ హోదా మారలేదు.

భర్త పళ్ళ డాక్టరు. "నోరు వాడి వంతు, బుర్ర దాని వంతు. నాకు చెవులు మిగిలాయి, ఇద్దరి మాటలూ వినడానికి," అనేవారు అత్తగారు. నిజానికి ఆ ఇంట్లో అత్తగారు ఎవరి మాటైనా వినగా చూసినవాళ్ళు లేరు. లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. ఆవిడ దృష్టిలో ప్రపంచంలో ఉన్నవి రెండే: తేలిన లెక్కలు, తేలాల్సిన లెక్కలు. ఏదైనా ఒకటి ముగిసిందనిపిస్తే "ఊఁ, తరువాతి లెక్క!" అనేసేవారు. కొడుకు ఆసుపత్రి పెట్టుకున్నప్పుడూ అదే మాట, కుక్కరు మూత ఎగిరి కప్పుకు తగిలినప్పుడూ అదే మాట. భర్త పోయాక ఇల్లంతా మూగబోయి ఉంటే, ఒక ఉదయం కిటికీలన్నీ తెరిచి ఆవిడ అన్న మొదటి మాటా అదే.

కోడలి పరిశోధన గురించి రెండు ముక్కలు చెప్పాలి. రెండు కూడా ఎక్కువే, ఆమె వెతికింది ఒకటే ముక్క. మెదడులో ఒక నరకణం ఇంకో నరకణంతో మాట్లాడుకునే చోట ఒక ప్రోటీను ఉంటుంది. ఆ చోటు చివకడం మొదలైతే, పాత చొక్కా గుండీ ఊడినట్టు, అందులోంచి ఒక తునక ఊడి కొట్టుకొస్తుంది. మనిషి మరిచిపోవడం మొదలుపెట్టడానికి కొన్నేళ్ళ ముందే ఆ తునక రక్తంలోకి చేరుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం కుదరడానికే సగం జీవితం పట్టింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని జనం వెక్కిరిస్తుంటారు. ఆమె ఎలుకతోనే మొదలుపెట్టింది. మంచు నింపిన బకెట్టులో గాజుగొట్టం, గొట్టంలో ఎలుక మెదడు, చేతులకు రెండు జతల తొడుగులు. చల్లగదిలో పని కాబట్టి మండు వేసవిలో స్వెట్టరు వేసుకుని బయల్దేరేది. ఎదురింటాయన ఒకనాడు ఉండబట్టలేక, "పరిశోధన ఎవరి బుర్ర మీదండీ?" అని భర్తను చాటుగా అడిగాడు కూడా.

ఎలుకల తరువాత, చనిపోయినవాళ్ళు దానం చేసిన మెదళ్ళు. ఆ తరువాత వెన్నునీరు. కొలిచే యంత్రాలు నాజూకయ్యేకొద్దీ, చివరికి ఒక్క చుక్క రక్తం.

ఈ దారి పొడుగునా ఆమె వెనకాలే నడిచిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఇంకో విశ్వవిద్యాలయం ప్రొఫెసరు. ఎవరు ఏం చెప్పినా "కానీ..." అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి ఆ రంగంలో అందరూ ఆయన్ని "కానీ గారు" అంటారు. ఆమె మొదటి పరిశోధనాపత్రం చదివినప్పుడు ముందు వరసలోంచి లేచి, "బాగుంది. కానీ మీ గాజుసామాను ఏ సబ్బుతో కడిగారు?" అన్నాడు. సభ గొల్లుమంది. తీరా చూస్తే యంత్రంలో కనపడిన తునకలో సగం సబ్బే. రెండేళ్ళ పని నురగతోపాటు తూములోకి పోయింది. ఆమె ఒక ఏడాది ఆయనతో మాట్లాడలేదు, ఆ ఏడాదంతా గాజుసామాను స్వయంగా కడుక్కుంది. ఆ తరువాత ఆయన దాడులకు ఆమె ఎంతగా అలవాటు పడిందంటే, ప్రతి ప్రయోగానికి ముందు "ఇప్పుడు ఆయన ఏమంటాడు?" అని ఆలోచించి, అది కూడా సరిచేసి మరీ మొదలుపెట్టేది. అలాంటి శత్రువు దొరకడం అదృష్టమని ఆమెకు తెలుసు. అయితే ఆ సంగతి ఆయనకు చెప్పే ఉద్దేశం మాత్రం లేదు.

కొన్నేళ్ళ కిందట ఒక సభలో, భోజనాలయ్యాక, ఆయన మరీ గుచ్చి గుచ్చి అడుగుతుంటే ఆమెకు ఒళ్ళు మండింది. "రక్తంలో ఈ తునక పెరగకుండా మతిమరుపు జబ్బు వచ్చిన ఒక్క మనిషిని చూపించండి. చూపిస్తే ఈ మాట ఇంకెప్పుడూ అనను," అనేసింది. ఆ మాట సభా సంచికలో అచ్చయింది. జారిన మాటను నవ్వేసి దులుపుకోవచ్చు. అచ్చయిన మాట గోడ మీద మేకులా అక్కడే ఉంటుంది, ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి చొక్కా తగిలించుకోవచ్చు.

దాన్ని తేల్చడానికే పెద్ద పరీక్ష మొదలుపెట్టింది. అరవై దాటిన వాలంటీర్లు. పై అంతస్తులో వాళ్ళ రక్తం కొలుస్తారు, కింది అంతస్తులో వాళ్ళ జ్ఞాపకశక్తికి మార్కులు వేస్తారు. పైవాళ్ళకు కిందివాళ్ళ మార్కులు తెలియవు, కిందివాళ్ళకు రక్తం సంగతి తెలియదు. మనిషి పేరుకు బదులు ఒక అంకె. ఏ అంకె ఎవరిదో తెలిసినవాడు ఒక్కడే, గణాంకాలు చూసే ఆయన. పేర్ల తాళంచెవి ఆయన దగ్గర ఉంటుంది కనుక తాళాలాయన. మార్కులు బాగున్నవాళ్ళు ఏడాదికోసారి వస్తే చాలు. మార్కులు పడిపోతున్నవాళ్ళు నెలనెలా రావాలి. నియమాలన్నీ కోడలే రాసింది, కానీ గారు ఎక్కడ వేలు పెట్టగలడో ఊహించుకుంటూ, ఒక్కో కన్నం పూడుస్తూ.

రెండో ఏట ఒక కన్నం బయటపడింది. తోడు వచ్చిన ఒకావిడ వెనక కుర్చీలో కూర్చుని జవాబులు వేళ్ళతో చూపిస్తూ దొరికిపోయిందట. ఎవరో, ఏమిటో కోడలికి తెలియదు, తెలియకూడదు. వెంటనే ఇంకో నియమం రాసింది: తోడు వచ్చినవాళ్ళు గేటు దగ్గరే ఆగాలి.

అత్తగారు మొదటి జట్టులోనే వాలంటీరుగా చేరారు. "కోడలి దుకాణానికి ఇంటివాళ్ళే వెళ్ళకపోతే ఎలా?" అంటూ పక్కింటి టెలిఫోనమ్మను కూడా లాక్కుపోయారు. టెలిఫోనమ్మ టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైంది. ఒకప్పుడు ఊళ్ళో నంబర్లన్నీ ఆవిడ నాలుక చివర ఉండేవట. అత్తాకోడళ్ళ మధ్య మాట్లాడుకోకూడని విషయాలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. వీళ్ళ మధ్య ఒకటి అదనంగా ఉండేది, దానికి ఏకంగా రాతపూర్వకమైన నియమం ఉండేది: పరీక్ష గురించి ఇంట్లో మాట ఎత్తరాదు. "ఇలాంటివి ఇంకో నాలుగు రాయకూడదూ," అన్నాడు భర్త ఆశగా.

అయిదేళ్ళు గడిచాయి. పేర్లు తెరిచే రోజు దగ్గరపడింది. అంతకుముందు తాళాలాయన పేర్లు లేని గ్రాఫు ఒకటి గీసి తెచ్చాడు. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. తునక పెరిగినకొద్దీ మార్కులు పడిపోతూ, చుక్కలన్నీ బడి గంట కొట్టాక వరసలో నిలబడ్డ పిల్లల్లా ఒక వాలుగీత చుట్టూ చేరాయి. ముప్ఫై ఏళ్ళ పని ఒక్క కాగితం మీద. కోడలికి కళ్ళు చెమర్చబోయాయి, సరిగ్గా అప్పుడు కింద మూల ఒకటి కనపడింది. గీతకు దూరంగా, ఎవరితోనూ సంబంధం లేనట్టు, ఒంటి చుక్క.

"ఇదేంటండీ?"

"చుక్కండీ," అన్నాడు తాళాలాయన.

"చుక్కని కనపడుతోంది. దీని సంగతేంటని."

"రక్తం అద్దంలా ఉంది మేడమ్, తునక జాడే లేదు. మార్కులు మాత్రం నెలనెలా మెట్లు దిగినట్టు దిగాయి. మీరు చూపించమన్న ఆ ఒక్క మనిషి..." ఆయన వాక్యం పూర్తి చేయలేదు. మంచివాడు.

ఒక్క చుక్క వల్ల పరిశోధన మొత్తం కూలిపోదు, నిజమే. ఆమె అన్న మాట మాత్రం కూలిపోతుంది. తునక లేకపోతే జబ్బు లేదు, ఈ ఒక్క భరోసా జనానికి ఇవ్వాలనే కదా ఇన్నాళ్ళూ తవ్వింది. తనే ఆ రక్తం మళ్ళీ కొలిచింది. అద్దమే. గొట్టాలు ఇప్పుడన్నీ ఒకసారి వాడి పారేసేవి, అయినా అలవాటు కొద్దీ సబ్బు సంగతి కూడా కనుక్కుంది. చివరికి కింద మార్కులు వేసే సైకాలజిస్టు అమ్మాయిని టీ గదికి పిలిచింది. ఆ అమ్మాయిని అందరూ ప్రశ్నల పిల్ల అంటారు.

"మనిషి గురించి ఏమీ చెప్పకు. ఆడో మగో కూడా వద్దు. ఎలా మరిచిపోతున్నారో అది మాత్రం చెప్పు."

"కొంచెం వింతగా మేడమ్. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మన్నానా, తొంభై రెండు అన్నారు."

"తొంభై మూడు కావాలి. ఒకటి తగ్గింది. తరవాత?"

"ఎనభై ఏడు."

కోడలు కప్పు పక్కన పెట్టింది. "అదెలా? తొంభై రెండులోంచి తీస్తే ఎనభై అయిదు రావాలి కదా."

"రావాలి. వాళ్ళు ఎనభై ఏడన్నారు. ఆ తరవాత డెబ్భై ఎనిమిది, డెబ్భై మూడు, అరవై నాలుగు."

కోడలు మనసులో అసలు జవాబులు వేసుకుంది. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై అయిదు. నిజంగా లెక్క తప్పేవాళ్ళు ఒక మెట్టు జారితే, ఆ జారిన మెట్టు మీంచే తరువాతి అడుగు వేస్తారు. తప్పు తప్పును మోసుకుపోతుంది. ఈ మనిషి ప్రతిసారీ సరైన ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, ఒకసారి ఎడంపక్క తలుపు, ఒకసారి కుడిపక్క తలుపు కొడుతున్నారు. ఇంత బుద్ధిగా తప్పు చేయాలంటే లెక్క ఎంత బాగా వచ్చి ఉండాలి!

"కావాలనే చెబుతున్నారని నీకు అనిపించలేదా?"

"అనిపించింది మేడమ్. ఏ వారం అంటే ప్రతిసారీ నిన్నటి వారమే చెబుతారు. కుర్చీ గుర్తుపెట్టుకోమంటే బల్ల, నది అంటే కాలవ. అయితే మన నియమాల్లో ఒప్పులు దొంగిలించేవాళ్ళ గురించే ఉంది. తప్పులు దొంగిలించేవాళ్ళ గురించి ఎక్కడా లేదు. పైగా నన్నే తొందరపెడతారు. ఒక్కో ప్రశ్న అవగానే, 'ఊఁ, తరువాతి లెక్క!' అని."

కోడలు నవ్వబోయి ఆగిపోయింది. టీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఆమె పరిస్థితి తేలు కుట్టిన దొంగలా తయారైంది. అడగడానికి లేదు, నియమం. అడగకుండా ఉండటానికీ లేదు. ఒకవేళ కావాలని కాకపోతే? అత్తగారికి నిజంగానే మతి జారుతుంటే, పైకి తెలియనివ్వకుండా లెక్కల తెలివితో నెట్టుకొస్తుంటే? అలాగైతే అటు తన మాటా పోయినట్టే, ఇటు ఇంటి పెద్దదిక్కూ పోతున్నట్టే. రెంటిలో తను దేనికి ఎక్కువ భయపడుతోందో చూసుకుంటే, ఆమెకే ఆశ్చర్యం వేసింది. గ్రాఫు రెండో స్థానంలో ఉంది.

ఇక ప్రతిదీ లక్షణంలాగే కనపడింది. అత్తగారు కూరలో ఉప్పు తక్కువేస్తే లక్షణం, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని వెతికితే లక్షణం.

"మీ అమ్మ ఈ మధ్య ఎలా ఉంటోందండీ?" అంది భర్తతో.

"నన్నడుగుతావేం? నా తప్పులన్నీ నీకు చెబుతుంది, నీ తప్పులన్నీ నాకు చెబుతుంది. కిందటి వారం జాబితాలో నీవి మూడు ఎక్కువున్నాయి."

"అంటే బాగానే ఉందన్నమాట."

"నాకంటే నీకంటే బాగుంది. ఏం?"

ఇంతలో అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, రెండ్రోజులుగా నన్ను ఎలుకను చూసినట్టు చూస్తున్నావు. తోక మొలిచిందా?" అన్నారు.

"అబ్బే, ఏం లేదత్తయ్యా."

"లేకపోతే సరే. మీ పెళ్ళికి మీ పిన్ని ఇచ్చిన గడియారం మళ్ళీ ఆగింది. అప్పుడే చెప్పాను, అది ఇచ్చేనాటికే పది నిమిషాలు వెనక ఉందని."

ఇంకెవరైనా అయితే ఈ మాటతో నిశ్చింతగా ఉండేవారు. కోడలికి ఆ సుఖం లేదు. పాత జ్ఞాపకాలు చివరిదాకా నిలుస్తాయనీ, అందులోనూ వియ్యాలవారి మీది ఫిర్యాదులు మరీ గట్టివనీ ఆమెకు తెలుసు.

మర్నాడు వెళ్ళి తాళాలాయనకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఒక చుక్క ఎవరిదో తనకు తెలిసిపోయిందని. ఆయన ఆమె రాసిన నియమాలే తీసి, ఆమెకే చదివి వినిపించాడు. అలాంటిది జరిగితే ఆ చుక్క సంగతి బయటి పరిశీలకుడు తేల్చాలి, మేడమ్ నోరెత్తకూడదు. బయటి పరిశీలకుడు ఎవరంటే, ఎవరూ తప్పు పట్టకూడదని ఆమె ఏరి కోరి పెట్టుకున్న మనిషే. కానీ గారు.

"ఎవరు తీసిన గోతిలో వాళ్ళు పడటం విన్నాను గానీ, ఇంత కొలతలు వేసి తీయడం ఇప్పుడే చూస్తున్నాను," అన్నాడు తాళాలాయన.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు, "రేపు నేను బయటికి వెళ్ళాలి," అన్నారు.

"ఎక్కడికత్తయ్యా?"

"చెప్పకూడదు. నీ నియమమే," అన్నారు, మజ్జిగ కలుపుకుంటూ.

కానీ గారు పొద్దున్నే దిగాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, చేతిసంచీ మాత్రం పాతదే.

"అంతా విన్నాను. కానీ ఆవిడ మీ అత్తగారు కదా. కోడలి పరువు కోసం ఒక మాట అటూ ఇటూ చెప్పదని ఏముంది?"

"మీకు పెళ్ళయి ఎన్నాళ్ళయింది సార్?"

"నలభై ఏళ్ళు."

"ఇంట్లో మీ అమ్మగారూ, మీ ఆవిడా కలిసి ఉన్నారా?"

"చాలా కాలం." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, ఆ అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను."

కొత్త ప్రశ్నలు ఆయనే తయారుచేసి తెచ్చుకున్నాడు. అత్తగారిని గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నాడు. కోడలికి లోపలికి ప్రవేశం లేదు. వసారాలో బల్ల మీద కూర్చుంది. ఆ బల్లకు అటు చివర టెలిఫోనమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ, సంచీ మీద రెండు చేతులూ. పక్కింటి మనిషే. ఎన్నోసార్లు పలకరించుకున్న మనిషే. ఈ మధ్య ఎప్పుడూ అత్తగారి వెనకాలే కనపడేది కాబట్టి కోడలు విడిగా గమనించలేదు. కోడలి వైపు చూసి మర్యాదగా నవ్విందావిడ, బస్సులో పక్క సీటువాళ్ళను చూసి నవ్వినట్టు.

"మీరూ పరీక్షకే వచ్చారా అమ్మా?"

కోడలు "అవునండీ," అంది. అబద్ధం కూడా కాదు.

"భయపడకండి, మంచివాళ్ళే. నాకూ మొదట భయం వేసింది. ఆ లిఫ్టు తలుపు రెండువైపులా తెరుచుకుంటుంది చూశారూ, ఎటు దిగాలో తెలిసేది కాదు. ఒకసారి దిగి ఎటో వెళ్ళిపోయాను. ఆ తరవాత ఇక రానని ఏడ్చాను కూడా." ఆవిడ గొంతు తగ్గించింది. "మా పంతులమ్మ తోడు వచ్చేది. నాకు జవాబు రాకపోతే వెనక నుంచి చెయ్యి ఊపేది. ఊపితే తప్పేంటి? గేటు దగ్గరే ఆపేశారు. ఎవరో పైన ఉండే పెద్దావిడ రూలు పెట్టిందట."

"అలాగా," అంది కోడలు.

"అందుకని మా పంతులమ్మ ఏం చేసిందో తెలుసా? తనూ తప్పులు చెప్పేసింది! జీవితంలో ఒక్క లెక్క తప్పని మనిషి. నాకోసం తప్పులు ఇంట్లో ప్రాక్టీసు చేసుకుని మరీ వచ్చింది. ఇప్పుడు ఇద్దరం నెలనెలా కలిసి వస్తాం. లిఫ్టులో నా చెయ్యి పట్టుకుంటుంది." ఆవిడ చుట్టూ చూసింది. "ఎవరికీ చెప్పకండి. వాళ్ళ కోడలికి అసలు చెప్పొద్దు. ఇక్కడే ఎక్కడో పనిచేస్తుందట."

"చెప్పనండీ," అంది కోడలు. ఆ తరువాత, "నేను మీ పక్కన కూర్చోనా?" అంది.

"రండి రండి. ఖాళీయేగా."

కోడలు జరిగి కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా వెతికి తను పట్టుకున్నది ఇంటికి దొంగ వస్తున్నాడని మోగే గంట మాత్రమే. దొంగను ఆపే చెయ్యి ఇంకా ఎవరికీ దొరకలేదు. ఈవిడ ఇంట్లోకి దొంగ వచ్చి చాలాకాలమైంది. అత్తగారు ఏ రసాయనమూ తెలియకుండానే ఆ ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

గది తలుపు తెరుచుకుంది. ముందు కానీ గారు వచ్చాడు, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ. వెనకాలే అత్తగారు.

"ఆరో ప్రశ్నలో రైలు నాలుగింటికి బయల్దేరిందన్నారు. ఏడో ప్రశ్నలో అదే రైలు నాలుగున్నరకు స్టేషన్లోనే ఉందన్నారు. మీరే చెప్పండి, రైలుకి మతిమరుపా, మీకా?"

"అచ్చుతప్పండీ," అన్నాడాయన.

"నా క్లాసులో అచ్చుతప్పుకి అరమార్కు కోత." అప్పుడు కోడల్ని చూశారు అత్తగారు. కోడలి పక్కనే, సంచీ మీద చేతులు పెట్టుకుని హాయిగా కూర్చున్న టెలిఫోనమ్మనూ చూశారు. సంగతి అర్థమైపోయింది. ఆవిడ మొహంలో ఏమాత్రం సిగ్గు కనపడలేదు. "చూడమ్మా. నువ్వు రూలు పెట్టావు. నేను రూలు తప్పలేదు. మార్కులు తక్కువొచ్చినవాళ్ళు రావచ్చన్నావు, తక్కువ తెచ్చుకున్నాను. ఇందులో కాపీ లేదు, చీటీ లేదు."

"నాతో ఒక్క మాట అంటే సరిపోయేది కదత్తయ్యా."

"ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని రాసిందెవరు?"

కానీ గారు మొదటిసారి నవ్వాడు. ఆయన పళ్ళు కూడా బాగున్నాయే అనుకుంది పళ్ళ డాక్టరు భార్య.

తరువాత టీ గదిలో ఆయన తీర్పు చెప్పాడు. "ఆవిడ బుర్రకి ఏ జబ్బూ లేదు. మా డిపార్టుమెంటులో సగం మందికంటే పదును. కానీ చుక్క తీసేయడానికి వీల్లేదు."

తాళాలాయన ఏదో అనబోయాడు. కోడలు చెయ్యెత్తి ఆపింది.

"పడ్డ మార్కులు పడ్డవే," అన్నాడు కానీ గారు. "ఇవాళ ఈ చుక్కని చెరిపితే, రేపు మీకు నచ్చని ప్రతి చుక్కకీ ఒక అత్తగారు దొరుకుతుంది. ఉన్నచోటే ఉండాలి. గ్రాఫు కింద సంగతి రాద్దాం, తప్పులు కావాలనే చెప్పినట్టు తేలిందని, నా సంతకంతో."

"మీరు ఇది తప్ప ఇంకేం చెప్పినా మిమ్మల్ని పరిశీలకుడిగా పెట్టుకున్నందుకు బాధపడేదాన్ని," అంది కోడలు.

"మీరన్న ఆ 'ఒక్క మనిషి'ని చూపించానని నేను చెప్పుకోవచ్చా మరి?"

"చెప్పుకోండి సార్. కింద రాసింది కూడా చదివి చెప్పండి."

మాట నిలబడింది, పక్కన ఒక మచ్చతో. మచ్చ లేకుండా నిలబడితే బాగుండేదా అని తనను తాను అడిగి చూసుకుంది. అంత బాగుండేది కాదేమో అనిపించింది. ఆ మధ్యాహ్నమే నియమం మార్చి రాసింది: తోడు వచ్చినవాళ్ళు లోపలికి రావచ్చు, లిఫ్టులో చెయ్యి పట్టుకోవచ్చు, పరీక్ష జరుగుతున్నంతసేపూ పక్కనే కుర్చీలో, గోడవైపు తిరిగి కూర్చోవాలి. "చేతులు కట్టుకుని" అని ప్రశ్నల పిల్ల కలిపింది. అనుభవం మీద చెప్పిన మాట.

పేర్లు తెరిచి, లెక్కలన్నీ తేలి, గ్రాఫు అచ్చుకు వెళ్ళే ముందు ఒక నకలు ఇంటికి తెచ్చింది కోడలు. ఇక ఇంట్లో మాట్లాడుకోవచ్చు. భోజనాల బల్ల మీద పరిచింది. భర్త చూసి, "అందంగా ఉంది, పుప్పిపళ్ళ ఎక్స్‌రేలా," అన్నాడు. ఆ రంగంలో అది పెద్ద పొగడ్తే.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగారు.

"ఇందులో నేనెక్కడ?"

కోడలు కింద మూల చూపించింది.

"ఇంత కిందా!" ఆవిడకు నిజంగానే బాధ వేసింది. "నేను లెక్కేసుకుని చెప్పాను తప్పులు. పాస్ మార్కులకి కొంచెం తక్కువ ఉండాలి. మీ పిల్ల మార్కులు సరిగ్గా వెయ్యలేదు."

"తను వేసింది సరిగ్గానే ఉందత్తయ్యా. కాలవకి కూడా సున్నాయే."

"నదికి దగ్గరే కదా కాలవ. అరమార్కు ఇవ్వాలి." వేలు కాగితం మీద మెల్లగా జరిగింది. "టెలిఫోనమ్మ ఏది?"

"అది చెప్పకూడదు. నేనూ అడగలేదు."

అత్తగారు చుక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా చూశారు, చాలాసేపు. గీత వాలి కిందికి దిగే చోట, అటు చివర ఉన్న ఒకదాని మీద వేలు ఆగింది. ఇంకో వేలు తన చుక్క మీద పెట్టారు. కాగితం చిన్నదే, చెయ్యి పెద్దదే. రెండు వేళ్ళ మధ్యా బెత్తెడు కూడా లేదు.

"ఎంత దూరంలే," అన్నారు. తరువాత తల ఎత్తి, "మీవాళ్ళు గురువారం రమ్మన్నారు టెలిఫోనమ్మని. పొద్దున్నే వెళ్ళాలి. గోడవైపు కూర్చోబెడతారటగా, నాకొక పుస్తకం పట్టుకుని రా లైబ్రరీ నించి. పెద్ద అక్షరాలది," అన్నారు.

"తెస్తాను అత్తయ్యా," అంది కోడలు, గ్రాఫు మడత పడకుండా చుడుతూ.